సీల్డ్ బాక్సా, సింగిల్ కార్డా, పీఎస్‌ఏ 10 స్లాబా? పాలమూరు, నల్లగొండ నుంచి ఎన్‌బీఏ కార్డులు కొనేవాళ్ళకి

చేతిలో పదిహేను, ఇరవై వేలు ఉన్నాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అక్కా బావా డిసెంబర్ సెలవులకు వస్తున్నారు. వాళ్ళతో ఎన్‌బీఏ కార్డులు, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఆటగాళ్ళ ఫొటోలతో అచ్చయ్యే కలెక్టర్ల కార్డులు, తెప్పించుకోవాలని ఉంది. సీల్ తీయని బాక్స్ తెమ్మనాలా, ఒక్కటే మంచి కార్డు తెమ్మనాలా, ప్లాస్టిక్ డబ్బాలో గ్రేడ్ వేసి ఉన్నది (స్లాబ్) తెమ్మనాలా అన్నది తేలడం లేదు. స్టేడియంలో సాయంత్రాలు బాస్కెట్‌బాల్ ఆడి, రాత్రి యూట్యూబ్‌లో బాక్సులు విప్పే వీడియోలు చూసే కుర్రాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే.

నా మాట ముందే చెప్పేస్తాను. విలువ నిలబడాలని కొనేవాళ్ళకి సీల్డ్ బాక్స్ వద్దు. ఆటలో ఇప్పటికే నిరూపించుకున్న ఆటగాడి కార్డు, గ్రేడ్ అయి ఉన్నది, ఒక్కటి కొనండి. మన జిల్లాల నుంచి కొనేవాడికి పేపర్ మీద ధర ఎంత పెరిగిందన్నది సగం కథే. అమ్మిన రోజు ఫీజులు, పోస్టేజీ, కస్టమ్స్ అన్నీ పోను చేతికి ఎంత వస్తుందో అదే అసలు లెక్క.

## ధరను నడిపించేవి ఏవి

మొదటిది, ఆ కార్డులు లోకంలో ఎన్ని ఉన్నాయి. 1990ల మొదట్లో కంపెనీలు కార్డులు లెక్కాపత్రం లేకుండా అచ్చేశాయి. ముప్పై ఏళ్ళు దాటినా ఆ కాలపు మామూలు కార్డులకు ఇవాళ్టికీ ధర లేదు. పాతబడితే చాలు, విలువ వస్తుందనుకునేవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి. ఇప్పటి కార్డుల్లో కొరతను కంపెనీయే తయారు చేస్తుంది. ఒకే ఫొటోతో బేస్ కార్డు, అంటే మామూలు రకం, వేలల్లో అచ్చవుతుంది. అదే ఫొటోతో రంగు మార్చిన ప్యారలల్స్ తక్కువగా వస్తాయి. కొన్నింటి మీద 99లో ఎన్నోది, 25లో ఎన్నోది అని నంబర్ కొట్టి ఉంటుంది. పనీనీ అనే కంపెనీ వేసిన ప్రిజమ్ సెట్‌లో గోల్డ్ రంగుది పదే ఉంటాయి, బ్లాక్ ఒక్కటే ఉంటుంది.

రెండోది, ఎవరి కార్డు, ఏ ఏడాదిది. రూకీ ఏడాది, అంటే ఆటగాడు లీగ్‌లో అడుగుపెట్టిన మొదటి ఏడాది, కార్డుకే గిరాకీ ఎక్కువ.

మూడోది కండిషన్. గ్రేడింగ్ కంపెనీలు సెంటరింగ్ (ఫొటో సరిగ్గా మధ్యలో పడిందా అన్నది), మూలలు, అంచులు, ఉపరితలం చూసి పదికి ఇన్ని అని వేస్తాయి. పీఎస్‌ఏ, బెకెట్, ఎస్‌జీసీ పేర్లు ఎక్కువ వినిపిస్తాయి. ఆధునిక కార్డుల్లో పీఎస్‌ఏ 10కి ఉన్న విలువ తొమ్మిదికి ఉండదు. కొత్త కార్డులు బాగానే అచ్చవుతాయి, పదులు బోలెడు వస్తాయి, అందుకే తొమ్మిది వచ్చిన కార్డు చాలాసార్లు గ్రేడ్ లేని కార్డు ధర దగ్గరే ఆగిపోతుంది.

నాలుగోది, లైసెన్స్. జెర్సీ మీద ఎన్‌బీఏ టీమ్ పేరు, లోగో ఉన్న కార్డుకీ, కాలేజీ జెర్సీతో వచ్చిన కార్డుకీ ధరలో చాలా తేడా. ప్రిజమ్ డ్రాఫ్ట్ పిక్స్ అనే సెట్ చూడ్డానికి అచ్చం ప్రిజమ్‌లాగే ఉంటుంది, కానీ అది కాలేజీ యూనిఫామ్ సెట్. కొత్తవాళ్ళకి దాన్ని ప్రిజమ్ రూకీ అని అంటగడతారు.

చివరిది, అమ్మడం ఎంత సులువు అన్నది. అమెరికాలో ఉన్నవాళ్ళు దీని గురించి అంతగా తలకాయ పట్టుకోరు. మనకు ఇదే ముందు.

| ఏది | కొరత | కండిషన్ రిస్క్ | అమ్మడం | ఎవరికి |
|---|---|---|---|---|
| సీల్డ్ బాక్స్ | లోపల ఏముందో తెలియదు | విప్పితే ఎక్కువ | సీల్‌తో అయితే పర్వాలేదు, పంపడం కష్టం | సరదాకి విప్పేవాళ్ళకి |
| గ్రేడ్ లేని బేస్ రూకీ | చాలా తక్కువ | మొత్తం మీరే మోయాలి | మెల్లగా, చిన్న మొత్తాల్లో | చదువుకునే పిల్లలకి |
| పీఎస్‌ఏ 10 బేస్ లేదా సిల్వర్ (మెరిసే ప్యారలల్) | మధ్యస్థం | దాదాపు లేదు | అన్నిటికంటే సులువు | మొదటిసారి డబ్బు పెట్టేవాళ్ళకి |
| నంబర్ ఉన్న ప్యారలల్ | ఎక్కువ | ఒక మోస్తరు | సరైన కొనుగోలుదారు దొరకాలి | ఓపిక ఉన్నవాళ్ళకి |
| ఆటోగ్రాఫ్, ప్యాచ్ (జెర్సీ గుడ్డ ముక్క ఉన్నది) | ఎక్కువ | ఒక మోస్తరు | ధర తేల్చడం కష్టం | అనుభవం ఉన్నవాళ్ళకి |

## సీల్డ్ బాక్స్

ప్రిజమ్ హాబీ బాక్స్ ఒకటి తీసుకోండి. 12 ప్యాకులు, ప్యాకుకి 12 కార్డులు, మొత్తం 144. సగటున రెండు ఆటోగ్రాఫులు. మిగతావాటిలో ఎక్కువ భాగం మామూలు బేస్ కార్డులు. వాటిని అమ్మబోతే పోస్టేజీ ఖర్చు కూడా రాదు. ఆ రెండు ఆటోగ్రాఫులు పెద్దగా ఎవరికీ తెలియని బెంచ్ ఆటగాళ్ళవి కావడమే మామూలు. వీడియోల్లో కనిపించేవాళ్ళు వందల బాక్సులు విప్పుతారు, మంచిది వచ్చినప్పటి ముక్కే మన దాకా చేరుతుంది.

విప్పకుండా దాచుకుంటే? 2018-19 ప్రిజమ్‌లాంటి ఏడాది బాక్సులు నిజంగానే చాలా పెరిగాయి. కానీ ఆ ఏడాది రూకీల్లో లూకా డాన్చిచ్, షే గిల్జస్ అలెగ్జాండర్, ట్రే యంగ్ ఉన్నారు. ప్రతి ఏడాదీ అలాంటి బ్యాచ్ రాదు. పైగా బాక్స్ బరువు, సైజు ఎక్కువ. సీల్ చిరగకుండా, మూల నలగకుండా లగేజీలో తేవడం, మళ్ళీ పంపడం పెద్ద టెన్షన్. తెలియనివాళ్ళ దగ్గర కొంటే ప్యాకులు విప్పి మళ్ళీ అతికించిన సరుకు అంటగట్టే ప్రమాదం కూడా ఉంది.

ఇంట్లో పిల్లల పుట్టినరోజుకి, అందరూ కూర్చుని విప్పే సరదాకి అయితే హూప్స్ లేదా డాన్‌రస్‌లాంటి చవక సెట్ తెప్పించండి. ఆ డబ్బు వినోదం ఖాతాలో రాసుకోండి.

## గ్రేడ్ లేని సింగిల్స్

తక్కువ డబ్బుతో మొదలుపెట్టడానికి ఇదొక మంచి దారి. నచ్చిన ఆటగాడి రూకీ కార్డు నేరుగా కొనుక్కోవచ్చు. కాకపోతే, గ్రేడింగ్‌కి పంపి లాభం చేసుకుందామనే ఆలోచన ఉంటే ముందు కాగితం మీద లెక్క వేయండి.

ఉదాహరణకి కార్డు 30 డాలర్లు, గ్రేడింగ్ ఫీజు 25, రానుపోను పోస్టేజీ మీ వాటా 10 అనుకుందాం. మొత్తం 65. పది వచ్చి 90కి అమ్ముడైతే, ఈబే (ఆన్‌లైన్‌లో అమ్ముకునే సైట్) సుమారు 13 శాతం పట్టుకుంటుంది, పంపే ఖర్చు 5 పోతుంది, చేతికి 73 వస్తుంది. లాభం 8. తొమ్మిది వచ్చి 35కి పోతే చేతికి పాతిక. నష్టం 40. అంటే ఐదు పదులు వస్తేగానీ ఒక్క తొమ్మిది మిగిల్చిన గుంట పూడదు. మనం నల్లగొండ నుంచి అమెరికాకి పంపి గ్రేడ్ చేయించుకుంటే గుంట ఇంకా లోతవుతుంది.

కార్డుని ఎలా చూడాలో నేర్చుకుంటే మాత్రం ఈ దారిలో మోసపోరు. గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చ్ వేసి, కార్డుని కళ్ళ ఎత్తులో ఏటవాలుగా పట్టుకోండి. మెరిసే క్రోమ్ ఉపరితలం మీద నిలువుగా సన్నటి గీతలుంటే అవి ప్రింట్ లైన్లు. నాలుగు మూలల్లో తెల్లటి చుక్క కనిపిస్తే పది మీద ఆశ వదులుకోవాలి. ఎడమ, కుడి అంచుల వెడల్పు స్కేలు పెట్టి కొలవండి, 55కి 45 దాటి తేడా ఉంటే పీఎస్‌ఏలో పది రావడం కష్టం. ఇంకొకటి: ప్రిజమ్‌లో సిల్వర్ అని చెప్పి బేస్ కార్డు అమ్మేవాళ్ళు ఉంటారు. సిల్వర్‌ని కదిలిస్తే ఇంద్రధనుస్సు రంగులు ఆడతాయి, వెనక వైపు ప్రిజమ్ అన్న ముద్ర ఉంటుంది. బేస్‌కి ఆ ముద్ర ఉండదు. ఫొటోలో ముందు వైపు మాత్రమే పెట్టినవాణ్ణి వెనక వైపు ఫొటో తప్పకుండా అడగండి.

## పీఎస్‌ఏ 10

నేను ఎక్కువమందికి చెప్పేది ఇదే. కండిషన్ గురించి గొడవ లేదు. లేబుల్ మీద సర్టిఫికెట్ నంబర్ ఉంటుంది, పీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో కొడితే కార్డు వివరాలు, ఆ గ్రేడ్‌లో ఇప్పటిదాకా ఎన్ని ఉన్నాయో కనిపిస్తాయి. నకిలీ స్లాబులు కూడా తిరుగుతున్నాయి కాబట్టి నంబర్ సరిపోతే చాలదు, సైట్‌లో కార్డు ఫొటో ఉంటే దాంతో పోల్చి చూసుకోవాలి.

బలహీనత కూడా చెప్పాలి. లూకా 2018-19 ప్రిజమ్ బేస్ కార్డులు, జయాన్ విలియమ్సన్ 2019-20 ప్రిజమ్ బేస్ కార్డులు పీఎస్‌ఏ 10లోనే వేలల్లో ఉన్నాయి. గిరాకీ ఉన్నన్నాళ్ళూ అది బలం. ఎప్పుడంటే అప్పుడు కొనేవాడు దొరుకుతాడు, ధర ఎంతో అందరికీ తెలుసు. గిరాకీ తగ్గిన రోజు అందరూ ఒకేసారి అమ్మకానికి పెడతారు, ధర మెట్లు దిగినట్టు దిగుతుంది. 2020 లాక్‌డౌన్‌లో ఈ మార్కెట్ ఎలా ఉబ్బిందంటే, 2021 మార్చి చివర్లో పీఎస్‌ఏ కార్డుల తాకిడి తట్టుకోలేక చాలా రకాల సేవలు ఆపేసింది. మైకేల్ జోర్డాన్ 1986-87 ఫ్లీర్ రూకీ పీఎస్‌ఏ 10 అదే ఏడాది జనవరిలో 7,38,000 డాలర్లకు వేలంలో పోయింది. రెండేళ్ళు తిరగకముందే అదే కార్డు రెండు లక్షల దరిదాపులకు దిగింది. జోర్డాన్ కార్డుకే అలా అయితే, నిన్న మొన్న వచ్చిన కుర్రాడి బేస్ కార్డు సంగతి ఆలోచించండి.

అందుకే ఈ దారిలో వెళ్ళేవాళ్ళు బేస్ కంటే సిల్వర్‌కి కాస్త ఎక్కువ పెట్టడం మంచిది. నంబర్ లేకపోయినా సిల్వర్‌ని మార్కెట్ వేరుగా గుర్తిస్తుంది.

## నంబర్డ్ ప్యారలల్స్, ఆటోగ్రాఫులు

2025 ఆగస్టులో కోబీ బ్రయంట్, జోర్డాన్ ఇద్దరి సంతకాలూ, జెర్సీ లోగో ముక్కలూ ఉన్న 2007-08 అప్పర్ డెక్ ఎక్స్‌క్విజిట్ కార్డు 1 కోటి 29 లక్షల డాలర్లకు పైగా పలికింది. లోకంలో ఒక్కటే ఉన్న కార్డు అది. దాని వార్త చూసి మన దగ్గరున్న బేస్ కార్డుకి ధర కట్టుకోకూడదు.

మన బడ్జెట్‌లో దొరికేవి 99, 199లాంటి నంబర్లున్న ప్యారలల్స్. వీటికి కొరత నిజమైనది. కానీ ధర తేల్చడం కష్టం. అదే కార్డు ఆఖరిసారి అమ్ముడై ఎనిమిది నెలలై ఉంటుంది, అప్పటి ధర ఇప్పుడు చెల్లకపోవచ్చు. అమ్మాలనుకున్న వారంలో ఆ ఆటగాడి అభిమాని ఎవరైనా వెతుకుతూ ఉండాలి. డబ్బు అవసరం ఎప్పుడు పడుతుందో తెలియని ఇళ్ళల్లో ఇది ఇబ్బంది.

ఆటోగ్రాఫుల్లో రెండు రకాలు: ఆటగాడు కార్డు మీదే సంతకం చేసినవి, స్టిక్కర్ మీద చేసింది అతికించినవి. మొదటిదే మేలు. ప్యాచ్ కార్డుల వెనక ఆ గుడ్డ ఏ మ్యాచ్‌లో వాడిందో రాసి ఉందా, లేక ఆటగాడు ఊరికే తొడుక్కున్నదని ఉందా చదవండి. నేషనల్ ట్రెజర్స్ సెట్‌లో రూకీ ప్యాచ్ ఆటోగ్రాఫులకు పేరు ఎక్కువ, ధర కూడా దానికి తగ్గట్టే.

## ఎవరి కార్డు

సెట్ ఏది, గ్రేడ్ ఎంత అన్నవాటి కంటే ఇక్కడే ఎక్కువ డబ్బు వస్తుంది, పోతుంది.

2018 డ్రాఫ్ట్ (టీమ్‌లు కొత్త ఆటగాళ్ళని వరుసలో ఎంచుకునేది) చూడండి. మొదటి స్థానంలో డియాండ్రే ఎయిటన్, రెండులో మార్విన్ బాగ్లీ, మూడులో లూకా. గిల్జస్ అలెగ్జాండర్ పదకొండు. మొదటి సీజన్లో అందరూ పైవాళ్ళ వెంట పడ్డారు. 2025లో ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డు), ఫైనల్స్ ఎంవీపీ, ఓక్లహోమా సిటీకి టైటిల్, అన్నీ గిల్జస్ అలెగ్జాండర్‌కి వచ్చాయి. ఎవరూ పట్టించుకోని రోజుల్లో అతని కార్డు కొన్నవాళ్ళే లాభపడ్డారు.

జయాన్ 2019లో మొదటి పిక్. మొదటి సీజన్లో 24 మ్యాచ్‌లే ఆడాడు, 2021-22లో ఒక్కటి కూడా ఆడలేదు. గాయాలతో పాటు కార్డు ధర కూడా కూలిపోయింది. విక్టర్ వెంబన్యామా గొప్ప ఆటగాడే, 2024 రూకీ ఆఫ్ ది ఇయర్ ఓట్లన్నీ అతనికే పడ్డాయి. అయినా 2025 ఫిబ్రవరిలో భుజంలో రక్తం గడ్డకట్టి ఆ సీజన్ అక్కడితో ఆగిపోయింది. అతని కార్డుల ధరలో రేపటి టైటిళ్ళు కూడా ఇప్పుడే కలిపి ఉన్నాయి. అవి నిజంగా గెలిచినా మీకు మిగిలేది తక్కువే కావచ్చు.

నికోలా యోకిచ్ ఇంకో రకం ఉదాహరణ. 2014లో 41వ పిక్, 2021, 2022, 2024లో ఎంవీపీ, 2023లో టైటిల్. అంత సాధించినా అతని కార్డులకు లూకా కార్డులంత మోజు లేదు. ఈ మార్కెట్లో సెంటర్ల కంటే గార్డులకే ఆకర్షణ ఎక్కువ. తక్కువ ధరలో పెద్ద ఆటగాడు కావాలనుకునే ఓపికస్తులకు నేను యోకిచ్ పేరే చెప్తాను.

## పనీనీనా, టాప్స్‌నా

2010-11 నుంచి 2024-25 దాకా ఎన్‌బీఏ కార్డులు పనీనీ ఒక్కటే వేసింది. 2025-26 నుంచి ఆ లైసెన్స్ ఫనాటిక్స్ కంపెనీ చేతిలో ఉన్న టాప్స్‌కి వెళ్ళింది. కూపర్ ఫ్లాగ్ బ్యాచ్ రూకీల ఎన్‌బీఏ జెర్సీ కార్డులు అందుకే టాప్స్‌లో వస్తున్నాయి. లెబ్రాన్ 2003-04 రూకీల్లో టాప్స్ క్రోమ్‌కి ఉన్న పేరు చూసినవాళ్ళకి ఆ బ్రాండ్ బలం తెలుసు. నా సలహా: కొత్త సెట్ వచ్చిన మొదటి నెలల్లో కొనకండి. సరుకు బజారులోకి వచ్చేకొద్దీ ధర దిగుతుంది. లూకా, యోకిచ్, గిల్జస్ అలెగ్జాండర్ లాంటివాళ్ళ రూకీలు మాత్రం పనీనీ ప్రిజమ్‌లోనే కొనండి.

## కార్డు ఇక్కడికి తెచ్చుకోవాలా

మా బామ్మర్ది అట్లాంటా నుంచి ఫోన్‌లో ఒక మాట అన్నాడు: “బావా, అమ్మేటందుకు కొన్న కార్డు ఆడిదాంక తెచ్చుడెందుకు? అమ్మాల్నంటే మల్ల ఈడికే పంపాలె గదా.” నిజం. 100 డాలర్లకు కొన్న కార్డు 130 అయిందనుకోండి. అమెరికాలోనే ఉండి అమ్ముడైతే ఈబే ఫీజు 17, పోస్టేజీ 5 పోను 108 చేతికి వస్తుంది. ధర 30 శాతం పెరిగితే మిగిలింది ఎనిమిదే. అదే కార్డు కొరియర్‌లో పాలమూరు వచ్చి తిరిగి వెళ్తే ఆ ఎనిమిదీ పోయి పైనుంచి చేతి డబ్బు పడుతుంది. పార్సిల్ మీద గిఫ్ట్ అని రాయించినంత మాత్రాన కస్టమ్స్ డ్యూటీ తప్పదు.

కాబట్టి పెట్టుబడి కార్డు చుట్టాల ఇంట్లోనో, పీఎస్‌ఏ వాల్ట్‌లోనో (కార్డులు దాచిపెట్టే చోటు) ఉండనివ్వండి. చూసుకుని మురిసిపోవడానికి కొన్నది మాత్రం తెచ్చుకోండి. మన దేశంలో ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లో కలెక్టర్ల మధ్య కొనుగోళ్ళు నడుస్తాయి. అక్కడ ఫీజు ఉండదు, కొనేవాళ్ళు మాత్రం తక్కువ. అడ్వాన్స్ పంపే ముందు కార్డు పక్కన ఇవాళ్టి తేదీ రాసిన కాగితం పెట్టి వీడియో తీసి పంపమనండి.

ఇంట్లో దాచేటప్పుడు మన ఎండల్ని గుర్తుపెట్టుకోండి. క్రోమ్ కార్డులు తేమకి, వేడికి వంగిపోతాయి. రేకుల గదిలో, పడమటి గోడకి ఆనించిన బీరువాలో పెట్టొద్దు. ముందు మెత్తటి పెన్నీ స్లీవ్, ఆపైన టాప్‌లోడర్ (గట్టి ప్లాస్టిక్ కవర్), డబ్బాలో సిలికా జెల్ పొట్లం. రబ్బర్ బ్యాండ్ జోలికి పోవద్దు.

## మీరు ఏ రకం

ఇంటర్, డిగ్రీ చదువుతూ రెండు మూడు వేలు మాత్రమే ఉన్నవాళ్ళు నచ్చిన ఆటగాడి గ్రేడ్ లేని సింగిల్స్ కొనండి. లాభం ఆశించకండి. చూడటం నేర్చుకోవడానికి అవి చాలు.

పదిహేను నుంచి పాతిక వేలు ఉండి, అమెరికాలో నమ్మకమైన చుట్టం ఉంటే, ఒక్క పీఎస్‌ఏ 10 సిల్వర్. అంత అందకపోతే యోకిచ్ లాంటి ఆటగాడి పీఎస్‌ఏ 10 బేస్. అయిదు చిన్న కార్డుల మీద చల్లొద్దు, ప్రతి దానికీ విడిగా పోస్టేజీ, ఫీజు పడతాయి.

అమెరికాలో ఎవరూ లేనివాళ్ళు, డబ్బు కోసమే అయితే, ఈ దారిలోకి రాకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఇష్టం కొద్దీ అయితే దేశీయ కలెక్టర్ల దగ్గర ఒకటి రెండు తీసుకోండి. అప్పు చేసి, ఫీజు డబ్బు మళ్ళించి మాత్రం ఎవరూ కొనొద్దు.

కొనే ముందు ఈబేలో అడిగే ధరలు చూడకండి, అమ్ముడైనవి మాత్రమే వచ్చేలా ఫిల్టర్ పెట్టి ఆఖరి అయిదారు అమ్మకాలు చూడండి. జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఆటల్లేని నెలల్లో ధరలు సాధారణంగా మెత్తబడతాయి, కొనడానికి అది మంచి సమయం. అక్టోబర్‌లో సీజన్ మొదలయ్యేటప్పుడు, మీ ఆటగాడు ప్లేఆఫ్స్‌లో దుమ్ము రేపుతున్నప్పుడు అమ్మడం మేలు. ఫైనల్స్ అయిపోయేదాకా ఆగితే ఆ ఊపు తగ్గిపోతుంది. కొన్న రోజే తేదీ, ధర, సర్టిఫికెట్ నంబర్, ముందు వెనక ఫొటోలు ఒకచోట రాసి పెట్టుకోండి. అమ్మేటప్పుడు కొనేవాడు అడిగేవి అవే.